రోడ్‌స్టర్ నుంచి హైబ్రిడ్ దాకా: సామాన్యుని రాకపోకల సైకిలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోజూ పనికి వెళ్ళిరావడానికి, ఇతర అవసరాలకు కూడా ఉపయోగపడే చవకైన సైకిలు ఏది? ఇది అంగడిలో ఎదురయ్యే ప్రశ్న. దీనికి దొరికే సమాధానాలు మాత్రం రెండు శతాబ్దాల చరిత్రలో రూపుదిద్దుకున్నాయి. 1885 నాటి 'సేఫ్టీ' సైకిలు నుంచి రోడ్‌స్టర్, పోటీ సైకిలు, కొండ సైకిలు ఎలా వేరుపడ్డాయో, చివరి రెండింటి కలయికగా హైబ్రిడ్ ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతదేశంలో, అందులోనూ తెలుగు ప్రాంతాల్లో, రోడ్‌స్టర్ పొందిన స్థానాన్ని పదజాలం ఆధారంగా కూడా చర్చిస్తుంది. హైబ్రిడ్ కొత్త ఆవిష్కరణ కాదనీ, రోడ్‌స్టర్ ఒకనాడు తీర్చిన అవసరమే వేరొక వర్గం కోసం వేరొక రూపంలో తిరిగి వచ్చిందనీ ప్రతిపాదిస్తుంది. ఈ మార్పులో సామాన్యుడు పొందినదేమిటి, కోల్పోయినదేమిటి అనే ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సైకిలు, రోడ్‌స్టర్, హైబ్రిడ్, రాకపోకలు, సాంకేతిక చరిత్ర, పదజాలం, లోకనిరుక్తి.

1. ఉపోద్ఘాతం

తెలుగువారు బండిని 'నడుపుతారు', సైకిలును 'తొక్కుతారు'. మోటారు వాహనానికి వాడే క్రియలో అధికారం ఉంది. సైకిలుకు వాడే క్రియలో శ్రమ ఉంది. మిరపకాయల్ని తొక్కడం, అడుసు తొక్కడం, ఏతం తొక్కడం వంటి ప్రయోగాల వరసలో సైకిలు తొక్కడం కూడా చేరింది. విదేశం నుంచి వచ్చిన ఒక యంత్రాన్ని కష్టజీవుల పనిముట్ల కోవలో చేర్చి మన భాష దానికొక సామాజిక స్థానాన్ని నిర్ణయించింది.

కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్త నివాసం మారింది. కళాశాలకు రానుపోను పద్నాలుగు కిలోమీటర్లు అయింది. సైకిలు కొనాలనుకుని ఒక దుకాణానికి వెళ్ళి, 'హైబ్రిడ్ బైక్ ఉందా?' అని అడిగితే, 'బ్యాటరీ, పెట్రోలు రెండూ ఉండేదా సార్?' అని ఎదురు ప్రశ్న వచ్చింది. దుకాణదారుని తప్పేమీ లేదు. ఆంగ్లంలో 'బైక్' అన్న మాటకు సైకిలు అనే అర్థం ప్రధానంగా ఉండగా, తెలుగు వ్యవహారంలో అది మోటారు సైకిలుకే స్థిరపడింది. 'హైబ్రిడ్' అన్న మాట మన పల్లెలకు విత్తనాలతో వచ్చింది. పత్తి, మొక్కజొన్న వంగడాల తరువాత అది పెట్రోలు, విద్యుత్తు రెండింటితో నడిచే కార్లకు అంటుకుంది. కాబట్టి 'హైబ్రిడ్ బైక్' అనే సమాసం తెలుగు చెవికి సైకిలును స్ఫురింపజేయదు.

ఇక్కడ 'సంకరం' దేనికీ దేనికీ మధ్య జరిగింది? ఎందుకు జరిగింది? అలా పుట్టిన సైకిలు కొనేవారెవరు? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం. వలస పాలన కాలపు భారతదేశంలో సైకిలు, కుట్టు మిషను, టైపురైటరు, బియ్యపు మిల్లు వంటి నిత్యజీవిత యంత్రాలు చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదని డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన తన గ్రంథంలో చూపారు. రైళ్ళు, ఆనకట్టల చరిత్ర రాసినంతగా మనం సైకిళ్ళ చరిత్ర రాయలేదు. తెలుగులో ఈ లోటు మరింత ఎక్కువ.

2. సైకిలు రూపం స్థిరపడిన క్రమం

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల చెక్క వాహనాన్ని రూపొందించాడు. దానికి తొక్కుడు మెట్లు లేవు. కూర్చుని నేలను కాళ్ళతో నెట్టుకుంటూ పోవాలి. 1860ల్లో ఫ్రాన్సులో ముందు చక్రానికే పెడళ్ళు బిగించారు. ఈ రూపానికి పియెర్ లాల్‌మెంట్ 1866లో అమెరికాలో పేటెంటు పొందాడు. 

పెడళ్ళు నేరుగా చక్రానికి బిగించి ఉన్నప్పుడు, ఒకసారి తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం పెరగాలంటే చక్రం పెద్దది కావాలి. 1870ల నాటి ఎత్తు చక్రం సైకిలు ఈ తర్కం నుంచే పుట్టింది. ముందు చక్రం వ్యాసం తొక్కేవాని కాళ్ళ పొడవును బట్టి ఉండేది. అంత ఎత్తున కూర్చున్నవాడు ఒక చిన్న రాయి అడ్డుపడినా తలకిందులుగా పడేవాడు. అది సాహసికులైన సంపన్న యువకుల వినోదంగానే మిగిలింది. స్త్రీలకు, వృద్ధులకు, బరువు మోసేవారికి అందులో చోటు లేదు.

1885లో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' సేఫ్టీ సైకిలు ఈ చిక్కుముడిని విప్పింది. పెడళ్ళను చక్రం నుంచి వేరుచేసి చట్రం మధ్యలో పెట్టి, వెనుక చక్రాన్ని గొలుసుతో తిప్పే పద్ధతిని అతడు విజయవంతం చేశాడు. పెద్ద పళ్ళచక్రానికి, చిన్న పళ్ళచక్రానికి మధ్య నిష్పత్తి వల్ల ఒక్కసారి తొక్కితే చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. ఇక ఎత్తు చక్రంతో పనిలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరును రూపొందించడంతో గతుకుల కుదుపు కూడా తగ్గింది. అయితే ఆ టైర్ల గిరాకీ వెనుక చీకటి చరిత్ర కూడా ఉంది. బెల్జియం రాజు లియోపోల్డ్ ఏలుబడిలోని కాంగోలో రబ్బరు సేకరణ పేరిట జరిగిన దారుణాలకు ఈ గిరాకీ కూడా ఒక కారణం.

1890ల నాటికి సైకిలు ఆకారం దాదాపు నేడు మనం చూస్తున్న రూపానికి వచ్చింది. సమానమైన రెండు చక్రాలు, వాటి మధ్య వజ్రాకారపు చట్రం, గొలుసు, గాలి టైర్లు. ఆ తరువాత జరిగినవన్నీ ఈ మూలరూపంపై వచ్చిన మార్పులే.

3. రోడ్‌స్టర్: పనికొచ్చే సైకిలు

మూలరూపం నుంచి మొదట నిలదొక్కుకున్న పాయ రోడ్‌స్టర్. నిటారుగా కూర్చోవడానికి వీలైన హ్యాండిలు, నేలకు వాలుగా ఉండే ముందు ఫోర్కు, పొడవైన చట్రం, 28 అంగుళాల చక్రం, కడ్డీలతో పనిచేసే బ్రేకులు, మడ్‌గార్డులు, గొలుసును పూర్తిగా మూసే కవరు, వెనుక క్యారియర్, స్టాండు, బెల్లు. బరువు సుమారు 20 కిలోలు. వేగం కోసం కాక, దారి ఎలాంటిదైనా తట్టుకోవడానికి చేసిన నిర్మాణమిది. చట్రం వాలు ఎక్కువగా ఉండటం వల్ల గతుకుల కుదుపు తొక్కేవాని చేతులకు తక్కువగా చేరుతుంది. గొలుసు కవరు వల్ల పంచె, చీర, పంట్లాము నూనెమరక పడకుండా, చిక్కుకోకుండా ఉంటాయి. అంటే ప్రతి భాగం వెనుకా ఒక నిత్యావసరం ఉంది.

నాటింగ్‌హామ్‌కు చెందిన రాలీ, బర్మింగ్‌హామ్‌కు చెందిన హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. వంటి కంపెనీల సైకిళ్ళు సామ్రాజ్యపు వాణిజ్య మార్గాల ద్వారా భారతదేశానికి వచ్చాయి. మొదట తెల్ల అధికారులు, మిషనరీలు, సంపన్నులు వాడిన సైకిలు క్రమంగా గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు, తపాలా సిబ్బందికి చేరింది. 1930ల్లో చవకైన జపాను సైకిళ్ళు రావడంతో ఈ పరిధి ఇంకా విస్తరించింది.

స్వాతంత్ర్యం తరువాత సైకిలు స్వదేశీ పరిశ్రమ అయింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ ఏర్పడ్డాయి. బెంగాలులోని ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ కర్మాగారం వెలసింది. లూధియానా చుట్టూ వందలాది చిన్న కార్ఖానాలు చట్రాలు, పెడళ్ళు, చువ్వలు, హబ్బులు తయారుచేయసాగాయి. చైనాలో 1950 నుంచి తియాన్‌జిన్ నగరంలో తయారైన 'ఎగిరే పావురం' సైకిలు కూడా ఈ రోడ్‌స్టర్ నమూనాకే చెందినది. రెండు మహాదేశాల శ్రామికజనం దశాబ్దాల పాటు ఒకే ఆకారపు సైకిలుపై పనికి వెళ్ళారన్నమాట.

రోడ్‌స్టర్‌కు గేర్లు లేవు. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉండటం సాధారణం. ఈ నిష్పత్తి సుమారు 2.44. చక్రం చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు కాబట్టి ఒకసారి పూర్తిగా తొక్కితే సుమారు 5.4 మీటర్ల దూరం కదులుతుంది. నిమిషానికి 60 సార్లు తొక్కేవాడు గంటకు దాదాపు 19 కిలోమీటర్లు పోగలడు. చదునైన డెల్టా నేలపై ఇది చాలు. ఎత్తుపల్లాల దక్కను పీఠభూమిపై మాత్రం దిగి నెట్టుకుంటూ ఎక్కవలసిందే. 1903 నాటికే ఇంగ్లండులో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు అమ్మకానికి వచ్చినా, మన దేశంలోని సామాన్యుని సైకిలుకు అది చేరలేదు. సరళత, మన్నిక, చవక ధర అనే మూడు గుణాల ముందు గేరు విలాసంగా కనిపించింది.

4. తెలుగు నేలపై సైకిలు: పనులు, పన్నులు, పదాలు

తెలుగు ప్రాంతాల్లో సైకిలు ఒక మనిషిని మోసే వాహనంగా మాత్రమే ఉండలేదు. పాల క్యాన్లు, కల్లు కుండలు, చేపల బుట్టలు, చీరల మూటలు, గడ్డిమోపులు, ఐస్‌ఫ్రూట్ డబ్బాలు – ఇవన్నీ దానిపై సాగాయి. ముందు గొట్టంపై బిడ్డ, వెనుక క్యారియర్‌పై భార్య, హ్యాండిలుకు సంచి. అది కుటుంబ వాహనం. పురపాలక సంఘాలు సైకిలుపై ఏటా పన్ను వసూలు చేసి లోహపు బిళ్ళ ఇచ్చిన కాలం ఒకటుంది. రాత్రిపూట దీపం లేకపోయినా, ఇద్దరు ఎక్కినా జరిమానా వేసేవారు. పన్ను వేసేంతటి ఆస్తిగా సైకిలును పాలనాయంత్రాంగం గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

రాజకీయాల్లోనూ సైకిలు సామాన్యతకు సంకేతమైంది. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలుపై వెళ్ళేవారన్న సంగతి తెలుగువారి స్మృతిలో నిలిచింది. 1982లో ఎన్.టి. రామారావు స్థాపించిన తెలుగుదేశం పార్టీకి సైకిలే గుర్తు అయింది. అక్షరం రానివాడు కూడా తనదిగా గుర్తించగల వస్తువు కావడం దాని బలం.

భాషాపరంగా ఈ మమేకత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సైకిలు, టైరు, ట్యూబు, చైను, బ్రేకు, బెల్లు, స్టాండు, రిమ్ము, ఫోర్కు, పంపు – హలంతాలైన ఆంగ్ల పదాలన్నీ ఉత్వం చేరి అజంతాలై తెలుగు నామవాచకాలుగా స్థిరపడ్డాయి. వాటికి తెలుగు విభక్తులు, బహువచన ప్రత్యయాలు సహజంగా చేరతాయి. 'పంక్చర్' కాస్తా 'పంచరు' అయింది. అన్నిటికంటె ఆసక్తికరమైనది 'ఓవరాయిలింగు'. సైకిలును పూర్తిగా విప్పి శుభ్రపరచి తిరిగి బిగించే 'ఓవర్‌హాలింగ్' అనే పని, దుకాణాల బోర్డులపైన, జనం నోళ్ళలోను 'ఓవరాయిలింగు'గా మారింది. ఆ పనిలో నూనె వేయడం కనబడుతుంది కాబట్టి తెలియని పదభాగం స్థానంలో తెలిసిన 'ఆయిల్' వచ్చి కూర్చుంది. ఇది లోకనిరుక్తికి చక్కని ఉదాహరణ. 

దీనికి భిన్నంగా హైబ్రిడ్ సైకిలుతో వచ్చిన 'డిరైలర్', 'క్యాసెట్', 'సస్పెన్షన్', 'క్విక్ రిలీజ్' వంటి మాటలు నేటికీ హలంతాలుగానే పలుకుతున్నాయి. 'గేరు' ఒక్కటే దీనికి మినహాయింపు. అది కూడా మోటారు వాహనాల ద్వారా ముందే తెలుగైన మాట. రోడ్‌స్టర్ భాగాల పేర్లు తెలుగులో కలిసిపోవడానికి, హైబ్రిడ్ భాగాల పేర్లు ఇంకా కలవకపోవడానికి కారణం కాలవ్యవధి ఒక్కటే కాదు. మొదటివి వీధి మెకానిక్కు నోట నలిగాయి. రెండోవి దుకాణపు గాజు తలుపుల లోపలే ఉన్నాయి. ఒక వస్తువు ఎవరి చేతిలో ఉందో చెప్పడానికి దాని పదాంతం కూడా సాక్ష్యమిస్తుంది.

5. వేరుపడిన పాయలు: పోటీ సైకిలు, కొండ సైకిలు

పాశ్చాత్య దేశాల్లో సైకిలు మరో దారి పట్టింది. కార్లు పెరిగేకొద్దీ అక్కడ సైకిలు రాకపోకల సాధనంగా తగ్గి, క్రీడగాను వినోదంగాను మిగిలింది. వంపు హ్యాండిలు, సన్నని టైర్లు, తేలికైన చట్రం కలిగిన పోటీ సైకిలు ఆ సంస్కృతికి ప్రతినిధి. గొలుసును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి జరిపే డిరైలర్ పరికరాన్ని ఫ్రాన్సు సైకిలు పోటీ అయిన 'తూర్ ద ఫ్రాన్స్'లో 1937 దాకా అనుమతించలేదు. తరువాత మాత్రం గేర్లు పోటీ సైకిలుకు ప్రాణమయ్యాయి. 1970ల ఆరంభంలో అమెరికాలో పది గేర్ల సైకిళ్ళకు విపరీతమైన గిరాకీ వచ్చింది. కానీ ముందుకు వంగి కూర్చోవలసిన భంగిమ, గతుకులకు తట్టుకోలేని సన్నని టైర్లు చాలామంది సాధారణ ప్రజలకు ఇబ్బందిగా ఉండేవి.

దీనికి ప్రతిక్రియ అదే దశకంలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో వచ్చింది. అక్కడి యువకులు 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళను తక్కువ ధరకు సంపాదించి టామల్పాయిస్ కొండ మట్టిదారుల్లో దిగేవారు. 1976 నుంచి వారు నిర్వహించిన పోటీకి 'రీప్యాక్' అని పేరు. ఒకసారి కొండ దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి అందులోని గ్రీజు మాడిపోయేది. మళ్ళీ గ్రీజు నింపి బిగించవలసి వచ్చేది. ఆ పేరు అలా పుట్టింది. 1977లో జో బ్రీజ్ కొండదారికే ప్రత్యేకించి చట్రాలు తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి వాటి వ్యాపారం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ 'స్టంప్‌జంపర్' పేరుతో వాటిని పెద్ద ఎత్తున విపణిలోకి తెచ్చింది.

ఇందులో గమనింపదగిన విషయమొకటుంది. అత్యాధునికమని పేరుపొందిన కొండ సైకిలు, ఒకప్పుడు పత్రికలు పంచే కుర్రాళ్ళు తొక్కిన చవక సైకిలు నుంచి పుట్టింది. సాంకేతిక చరిత్రలో కొత్తదనం ఎప్పుడూ పైనుంచే దిగిరాదని ఇది తెలియజేస్తుంది.

6. హైబ్రిడ్ ఆవిర్భావం

1980లు ముగిసేసరికి అమెరికా, ఐరోపాల్లో కొండ సైకిళ్ళు విరివిగా అమ్ముడయ్యాయి. కొన్నవారిలో చాలామంది వాటిని తారురోడ్డు పైనే తొక్కారు. వారికి నచ్చినవి కొండ కాదు, చదునైన హ్యాండిలు, నిటారు భంగిమ, తేలికగా ఎత్తెక్కించే గేర్లు. నచ్చనిది రోడ్డుపై బరువుగా సాగే లావు గాళ్ళ టైరు. అందుచేత తయారీదారులు కొండ సైకిలు హ్యాండిలును, గేర్లను, బ్రేకులను తీసుకుని, పోటీ సైకిలు పెద్ద చక్రాన్ని దానికి జోడించారు. టైరు వెడల్పు రెంటికీ మధ్యస్థంగా ఉంచారు. 1990 ప్రాంతంలో ఈ రకం 'హైబ్రిడ్' పేరుతో స్థిరపడింది.

చక్రం కొలతల చరిత్ర ఇక్కడ ఒక విశేషాన్ని వెల్లడిస్తుంది. హైబ్రిడ్ చక్రాన్ని '700సి' అంటారు. ఇది ఫ్రెంచి కొలమానం. 700 అంటే టైరుతో కలిపి చక్రపు బయటి వ్యాసం, మిల్లీమీటర్లలో. అక్షరం టైరు వెడల్పు తరగతిని సూచిస్తుంది. 'ఎ' సన్ననిది, 'సి' లావైనది. 700సి రిమ్ముపై టైరు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన రోడ్‌స్టర్ చక్రం 28 × 1½ అంగుళాలు. అదే ఫ్రెంచి కొలమానంలో 700బి. దాని వ్యాసం 635 మిల్లీమీటర్లు. అంటే తాతగారి నల్ల సైకిలు చక్రం, నేటి హైబ్రిడ్ చక్రం ఒకే కుటుంబపు అన్నదమ్ములు. తేడా 13 మిల్లీమీటర్లు. కానీ ఆ తేడా వల్లనే ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. పల్లెటూరి సైకిలు దుకాణంలో సులభంగా దొరికేది మొదటిదే.

నిటారు భంగిమ, పెద్ద చక్రం, మధ్యస్థమైన టైరు, అన్ని పనులకూ ఒకే సైకిలు. ఈ లక్షణాలన్నీ రోడ్‌స్టర్‌వే. బరువు 20 కిలోల నుంచి 12–15 కిలోలకు తగ్గడం, గేర్లు చేరడం, బ్రేకులు మెరుగుపడటం హైబ్రిడ్ సాధించిన ప్రగతి. కాబట్టి పాశ్చాత్య సమాజం రెండు పాయల గుండా సుదీర్ఘంగా ప్రయాణించి, తాను వదిలివచ్చిన పనికొచ్చే సైకిలు దగ్గరికే తిరిగి చేరిందని చెప్పవచ్చును.

7. ఎంపిక: చరిత్ర నేర్పే కొలతలు

తక్కువ ధరలో రాకపోకలకు హైబ్రిడ్ కొనదలచినవారు దుకాణంలో సాధారణంగా వినే మాటలు మూడు: ఎన్ని గేర్లు, ముందు సస్పెన్షన్ ఉందా, డిస్కు బ్రేకులా. ఈ మూడూ హైబ్రిడ్‌కు కొండ సైకిలు వారసత్వంగా ఇచ్చినవి. రాకపోకల అవసరం నుంచి పుట్టినవి కావు.

21 గేర్లు అంటే 21 వేర్వేరు వేగాలు కావు. ముందు 48, 38, 28 పళ్ళ చక్రాలు మూడు, వెనుక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు ఉన్నాయనుకుందాం. పెద్ద చక్రంతో అతి తేలికైన గేరు నిష్పత్తి 1.71. చిన్న చక్రంతో అతి బరువైన గేరు నిష్పత్తి 2.0. చిన్నదాని చివరి గేరు పెద్దదాని మొదటి గేరును దాటిపోయింది. అంటే చాలా గేర్లు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. నగరపు వంతెనలకు, మామూలు ఎత్తులకు ఏడెనిమిది గేర్లు చాలు. తగ్గిన భాగాలు తగ్గిన ఖర్చు కూడా.

చవక సైకిలుకు అమర్చే సస్పెన్షన్ ఫోర్కు బరువును పెంచుతుంది, తొక్కే శక్తిలో కొంత మింగుతుంది, చెడితే బాగుచేయడం కష్టం. గతుకుల రోడ్డుకు డన్‌లప్ 1888లోనే పరిష్కారం చూపాడు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో తగినంత గాలి ఉంటే బిగువు ఫోర్కే మేలు. బ్రేకుల విషయంలో మాత్రం రోడ్‌స్టర్ కంటె హైబ్రిడ్ నిస్సందేహంగా ముందుంది. ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. అల్యూమినియం రిమ్ముపై అంతగా తగ్గదు. వానకాలంలో ఈ భేదం ప్రాణరక్షకం కాగలదు. నాసిరకపు డిస్కు కంటె అల్యూమినియం రిమ్ముపై పనిచేసే సాధారణ బ్రేకు బాగుచేయడానికి సులువు.

అన్నిటికంటె ముఖ్యమైనది హైబ్రిడ్‌తో రానిది. మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు, దీపం, గొలుసు కవరు – రోడ్‌స్టర్‌కు సహజ కవచాల వంటివి. చవక హైబ్రిడ్ సైకిళ్ళలో చాలావాటికి ఇవి ఉండవు. విడిగా కొనాలి. బట్టలకు బురద అంటకుండా, పుస్తకాల సంచి వీపున మోయకుండా కళాశాలకు చేరాలంటే ఇవి అలంకారాలు కావు, అవసరాలు. కాబట్టి అసలు ధర అంటే సైకిలు వెల, ఈ సామగ్రి వెల, ఏడాది మరమ్మతుల ఖర్చు కలిపిన మొత్తం. చట్రానికి క్యారియర్, మడ్‌గార్డు బిగించుకునే రంధ్రాలున్నాయో లేదో చూడటం, ఎన్ని గేర్లున్నాయో చూడటం కంటె ముఖ్యం. చట్రం కొలత తన ఎత్తుకు సరిపోకపోతే తక్కిన గుణాలన్నీ నిష్ఫలమే.

ఈ వ్యాసకర్త చివరకు బిగువు ఫోర్కు, ఏడు గేర్లు గల సాదా హైబ్రిడ్ కొని, మడ్‌గార్డులు, క్యారియర్ బిగింపజేసుకున్నాడు. కళాశాల గేటు వద్ద కాపలాదారు దాన్ని చూసి, 'మా నాన్న సైకిలే సార్ ఇది, కాకపోతే బక్కచిక్కింది' అన్నాడు. పైన పేజీలకొద్దీ చెప్పిన వాదం ఆ ఒక్క మాటలో ఉంది.

8. తొక్కేవారెవరు?

2001 జనగణన నాటికి దేశంలో 43.7 శాతం కుటుంబాలకు సైకిలు ఉండగా, 2011 నాటికి అది 44.8 శాతం అయింది. అదే కాలంలో మోటారు ద్విచక్ర వాహనాలున్న కుటుంబాలు 11.7 నుంచి 21 శాతానికి పెరిగాయి. 1980 ప్రాంతపు మోపెడ్లు, 1985లో వచ్చిన హీరో హోండా మోటారు సైకిలు ఈ మార్పుకు పునాది వేశాయి. దేశంలో అత్యధికంగా సైకిళ్ళు తయారుచేసిన కుటుంబమే, సైకిలును స్థానభ్రంశం చేసిన మోటారు సైకిలునూ తయారుచేయడం పారిశ్రామిక చరిత్రలో ఒక వైచిత్రి. అయినా 2011లో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలుపైనే వెళ్ళారు. వీరిలో అత్యధికులు రోడ్‌స్టర్ తొక్కే శ్రామికులని మన వీధుల్లో తెల్లవారుజామున నిలబడి చూసినా తెలుస్తుంది.

సైకిలు విముక్తి సాధనంగా పనిచేసిన సందర్భాలు కూడా పేదల జీవితాల్లోనివే. 1990ల ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలారాణి చుంకత్ ఆధ్వర్యంలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ దాన్ని నమోదు చేశారు. స్త్రీల సైకిళ్ళు సరిపడా దొరకక చాలామంది మగవారి సైకిళ్ళనే తొక్కారు. 2006లో బీహారు ప్రభుత్వం ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చిన పథకాన్ని పరిశీలించిన కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్‌లు, వయసుకు తగిన తరగతిలో బాలికల నమోదు 32 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు అందాయి. ఈ బాలికలెవరూ గేర్ల సంఖ్య అడగలేదు. బడికీ ఇంటికీ మధ్య దూరమే వారికి లెక్క.

మరోవైపు 2000 తరువాతి దశకంలో దిగుమతి సైకిళ్ళ దుకాణాలు, కొత్త దేశీయ బ్రాండ్లు మన నగరాల్లో వెలిశాయి. హైబ్రిడ్ వాటితోపాటు వచ్చింది. దాని ధర రోడ్‌స్టర్ ధరకు రెండు మూడింతలు. ఆరోగ్యం, పర్యావరణం, వారాంతపు విహారం ఈ కొనుగోళ్ళకు ప్రేరణలు. 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైంది. ఇది మెచ్చదగిన ప్రయత్నం. అయితే పాత నగరంలోనో, పారిశ్రామికవాడలోనో రాత్రి షిఫ్టు ముగించి లారీల మధ్య సైకిలు తొక్కుతూ ఇంటికి పోయే కార్మికునికి అటువంటి నీడ ఇంకా దొరకలేదు. 'సైక్లిస్టు' అన్న మాట వినగానే శిరస్త్రాణం ధరించిన వ్యక్తి మనసులో మెదులుతాడు గాని, పాల క్యాన్ల మధ్య కూర్చున్న వ్యక్తి మెదలడు. ఈ అదృశ్యత మాటలోనే మొదలై రహదారి ప్రణాళికలోకి చేరుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. హైబ్రిడ్ సైకిలు పోటీ సైకిలుకూ కొండ సైకిలుకూ పుట్టిన సంకరమే అయినా, ప్రయోజనం రీత్యా అది రోడ్‌స్టర్‌కు వారసురాలు. 

2. బరువు, గేర్లు, బ్రేకుల విషయంలో హైబ్రిడ్ ముందడుగు. మడ్‌గార్డు, క్యారియర్, గొలుసు కవరు, సులభమైన మరమ్మతు విషయంలో వెనుకడుగు. చవక హైబ్రిడ్ ఎంపిక అంటే ఈ కోల్పోయిన గుణాలను తిరిగి సమకూర్చుకోవడమే.

3. రోడ్‌స్టర్ పదజాలం తెలుగులో అజంతమై ఇమిడిపోయింది. హైబ్రిడ్ పదజాలం ఇంకా హలంతంగానే ఉంది. ఇది ఆ వస్తువుల సామాజిక వ్యాప్తిలోని భేదాన్ని సూచిస్తుంది.

4. సైకిలు గురించిన నేటి చర్చ కొత్తగా సైకిలెక్కేవారి చుట్టూ తిరుగుతోంది. ఎన్నడూ సైకిలు దిగనివారిని అది లెక్కలోకి తీసుకోవడం లేదు.

వీధి మెకానిక్కు చేతికి అందే భాగాలతో, మడ్‌గార్డు, క్యారియర్ బిగించి, రోడ్‌స్టర్ ధరకు చేరువలో, కొంత తేలికగా, ఒకటి రెండు గేర్లతో తయారయ్యే సైకిలు వస్తే ఈ రెండు చరిత్రలూ ఒక్కటవుతాయి. దానికి కావలసిన సాంకేతిక జ్ఞానం నూరేళ్ళ క్రితమే సిద్ధంగా ఉంది. సైకిలు దుకాణాల పదజాలం, అద్దె సైకిళ్ళ వ్యవస్థ, పురపాలక పన్నుల దస్త్రాలు, స్త్రీల సైకిలు అనుభవాల మౌఖిక చరిత్ర – ఇవన్నీ తెలుగు పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నాయి. నాటి సైకిళ్ళు ఇనుప సామాన్ల కొట్లకు చేరుతున్నాయి. వాటిని తొక్కినవారు వృద్ధులవుతున్నారు. ఆ జ్ఞాపకాలను సేకరించే పని ఇప్పుడే మొదలుపెట్టవలసి ఉంది.